మేకు కొట్టకూడని ఇల్లు

పెనుకొండలో మా ఇంటిని రెండుగా చీల్చిన గోడ ఇటుకది. నేనూ మా తమ్ముడూ పంపకాలు చేసుకున్నప్పుడు నడింట్లో నేల మీదినుంచి దూలం అడుగుదాకా దాన్ని కట్టించాం. దూలం జోలికి మాత్రం పోలేదు. మా తాత కాలం నాటి టేకు మాను అది. కోస్తే రెండు వాటాల మీదా మిద్దె కూలుతుంది. అందుకని పొయ్యి రెండైంది, వాకిలి రెండైంది, కరెంటు మీటరు రెండైంది, దూలం మాత్రం ఒకటిగానే మిగిలింది. నా మంచం మీద మొదలై, గోడ తలమీదుగా అవతలికి పోయి, మా తమ్ముడి వంటింటి దగ్గర ముగుస్తుంది.

బోరు వాళ్ళ వాటాలో పడింది. ఒక ఎండాకాలం కొళాయి రాక ఒక బిందె నీళ్ళు అడిగాను. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, కోపం లేకుండానే చెప్పింది.

“పంచుకున్నాక నీ ఇల్లు నీది, మా ఇల్లు మాది గదా బావా. ఒకింటి నీళ్ళు ఇంగొకింట్లోకి ఎట్ల వస్తాయి?”

నేను వాదించలేదు. మాటలో తర్కం ఉంది. డ్రమ్ము కొనుక్కుని ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడ్డాను.

నేను హిందూపురంలో లెక్కల మాస్టరుగా పనిచేశాను. పగలు లెక్కలు, సాయంత్రం హేతువాద సభలు. జాతకాల మీద, వాస్తు మీద, దయ్యాల మీద మైకు పట్టుకుని గొంతు పోయేదాకా మాట్లాడినవాణ్ణి. భార్య పోయింది, ఉద్యోగమూ అయిపోయింది. అప్పుడు ఈ వాటాకు వచ్చి పడ్డాను. వచ్చి చూస్తే తలుపు వాలి నేలను రాస్తోంది, కిటికీ రెక్కలు మూతపడవు, తలవాకిలి ద్వారబంధం అడుగు భాగాన్ని చెదలు తినేశాయి. అది చెదల తప్పు కాదు. మా ఇంటి ఆడవాళ్ళు తరతరాలుగా ప్రతి శుక్రవారం గడప కడిగి, పసుపు పూసి, ఆ నీళ్ళను అక్కడే ఇంకనిచ్చారు. తడిసిన కట్టెను చెదలు వదులుతాయా? అంత భక్తిగా పురుగులకు అన్నం పెట్టిన వంశం మాది.

పనివాణ్ణి పిలవకుండా నేనే మొదలుపెట్టాను. మెత్తబడిన కట్టెను గట్టి కట్టె తగిలేదాకా ఉలితో చెక్కి తీసేయడం, ఏటవాలుగా కోసిన వేప ముక్కను జిగురు పెట్టి అతకడం, రంపపు పొట్టును జిగురులో కలిపి సందుల్లో కూరడం, ఉప్పుకాగితంతో రుద్దడం, పాలిష్ పూయడం. చెదలు తిన్న చోట వేలితో నొక్కితే పిండి రాలుతుంది. రాలలేదంటే కట్టె బాగున్నట్టు. ఇంత నిజాయితీగల పరీక్ష నాకు ఏ సభలోనూ దొరకలేదు. అక్కడ నొక్కినకొద్దీ పిండి రాలేది, అయినా దూలం బాగుందనే చప్పట్లు కొట్టేవాళ్ళు.

తలుపుకు కొత్త మడతబందులు బిగించడానికి సుత్తి ఎత్తిన రోజే మా మరదలు నా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

“బావా, ఆ సుత్తి రవ్వంత ఆపు.”

“ఎందుకమ్మా, నిద్ర చెడిందా?”

“మా కోడలు కడుపుతో ఉండాది. కడుపుతో ఉండే మనిషున్న ఇంట్లో మేకు కొట్టగూడదు. ఆ దెబ్బ బిడ్డకు తగుల్తాది.”

“నేను కొట్టేది నా ఇంట్లో గదా.”

“ఇల్లు ఒకటే గదా బావా.”

“నీళ్ళడిగిన రోజు రెండిళ్ళు అంటివే.”

ఆమె క్షణం కూడా తడుముకోలేదు. “నీళ్ళు నేలమింద పోతాయి. దెబ్బ దూలంలో పోతాది. దూలం ఒకటే.”

ఎందరో పండితులతో వాదించినవాణ్ణి. ఇంత చక్కగా బిగించిన జవాబు వాళ్ళెవరూ ఇవ్వలేదు. నీళ్ళకు రెండిళ్ళు, సుత్తికి ఒకే ఇల్లు. రోజూ మా ఊరి పక్కనుంచి రైళ్ళు పోతుంటే మిద్దె మీది మట్టి రాలుతుంది. ఆ అదురుకు దోషం లేదు. కొండ కింద రాయి పగలగొడుతుంటే గిన్నెలు గలగలమంటాయి. దానికీ లేదు. నా తలుపు బందుకు కొట్టే అంగుళం మేకుకు మాత్రం బిడ్డ ప్రాణం తీసే బలం ఉంది. ఈ నమ్మకం మా మరదలు కనిపెట్టింది కాదు. రొద్దంలో అడిగినా, చిలమత్తూరులో అడిగినా, కడుపుతో ఉన్న ఇంట్లో ఇల్లు కట్టకూడదు, తలుపు నిలపకూడదు, మేకు కొట్టకూడదు అని చెబుతారు. ఎందుకని అడిగితే మాత్రం మొహం చూస్తారు.

నా తలుపుకు ఆ రోజుతో సుత్తి పని అయిపోయింది. మిగిలింది జిగురూ ఉప్పుకాగితమూ. సుత్తి చప్పుడు ఆగేసరికి ఆమె తను గెలిచాననుకుంది.

కోడలు ధర్మవరం పిల్ల. పట్టుచీరలు నేసేవాళ్ళ ఇంట్లో పుట్టింది. మా తమ్ముడి వాటాలో పైన ఒక గది ఉంది, కొత్త దంపతులకు అది ఇచ్చారు. నా వాటా మిద్దెకూ ఆ గది ముందరి జాగాకూ మధ్య మోకాలెత్తు పిట్టగోడ. నేను పాలిష్ పూసిన కిటికీ రెక్కలు ఆరబెట్టడానికి పైకి పోతే ఆమె బట్టలు ఆరేస్తూ కనబడేది. నన్ను పెద్దమామా అని పిలిచేది. నవ్వకుండా నవ్వించే మనిషి.

“పెద్దమామా, నీ సుత్తి దెబ్బకు నా బిడ్డ లోపల ఉలిక్కిపడిందంట. మా అత్త చెప్పింది. నాకైతే తెలీలేదు.”

“నీకు తెలియకుండా మీ అత్తకు ఎట్ల తెలిసింది?”

“ఆయమ్మకు అన్నీ తెలుస్తాయి. నేను ఏం తిన్నానో గూడా నాకన్నా ముందు తెలుస్తాది.” తాడు మీద చీర దులిపింది. “మా ఇంట్లో మగ్గానికి మేకు కొట్టని దినమే లేదు మామా. మా అమ్మ మగ్గం గుంతలో కూసునే నన్ను మోసింది. నొప్పులొచ్చినాకే లేచిందంట. ఆ లెక్కన నేను పుట్టకనే పోయుండల్ల.”

“అయితే మీ అత్తకు చెప్పు ఆ మాట.”

“చెప్తి. అందుకే నీకు నోరు ఎక్కువైంది అనింది.”

పుట్టింటి గురించి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసింది. “ఆడ మగ్గానికి ఉండే చోటు మనిషికి ల్యా. నా పెండ్లయినాక నేను పండుకునే చోట్లో రెండో మగ్గం దించినారు. కానుపుకు పోతే ఎట్లో సర్దుకుంటారు. కానుపుకు గాకుండా పోతే మాత్రం యాడ పండేది?”

అప్పుడే ఆమె మెట్టు సంగతి చెప్పింది. పైగదికి లోపలినుంచి చెక్కమెట్లు, నిటారుగా ఉంటాయి. పైనుంచి మూడో మెట్టు నిలువునా చీలింది. ఒక చివర గాడిలోంచి జారి వేలాడుతోంది. స్నానాల గదీ పాయిఖానా కింద పెరట్లో ఉన్నాయి. కడుపు పెరిగేకొద్దీ ఆమె ఆ మెట్ల మీద మరింతగా తిరగాల్సి వచ్చింది. పొట్ట అడ్డం వచ్చి మెట్టు కనబడదు, పాదంతో తడుముకుని దిగుతుంది.

“పొద్దున లేస్తూనే దాన్ని తలుచుకుంటా మామా, దేవుణ్ణి తలుచుకున్నట్ల. నువ్వు రవ్వంత చూడరాదా?”

నేను దొడ్డిదారిన పోలేదు. మా తమ్ముడు ఇంట్లో ఉన్న రోజు చూసుకుని, కొలబద్ద పట్టుకుని ముందు వాకిలినుంచే పోయాను. మెట్టు చూశాను. వేలితో నొక్కితే పిండి రాలింది. విషయం చెప్పాను. పలక మార్చాలి, ఒక పూట పని, నేనే చేస్తాను.

“పాప పుట్టింటికి పోయినాక కొట్టుకో బావా,” అంది మా మరదలు. “శ్రీమంతం చేసి పంపిస్తాం గదా. ఆ తర్వాత నీ ఇష్టం.”

“పాప కోసమే గదమ్మా మెట్టు. ఆమె పోయినాక ఎవరికి?”

“ఆమె ఉన్నప్పుడు కొడితే ఆమెకే గదా తగిలేది.”

“సరే, మేకు కొట్టను. స్క్రూ తిప్పుతాను. దెబ్బ ఉండదు, చప్పుడుండదు.”

ఇది ఆమె ఊహించలేదు. మా తమ్ముడి వైపు చూసింది. వాడు టీవీ వైపు చూశాడు. మా తమ్ముడు పుట్టినప్పటినుంచీ ఏదో ఒకదాని వైపు చూస్తూనే బతికాడు. ఆమె రొద్దంలో ఉండే సిద్ధాంతికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. ఆయన భోంచేస్తున్నట్టున్నాడు, నములుతూనే తీర్పు చెప్పాడు. కొట్టినా తిప్పినా ఇనుము కట్టెలోకి దిగకూడదు. జిగురుకు దోషం లేదు.

“జిగురు ఆగదయ్యా, మనిషి బరువు మోసే మెట్టు అది,” అన్నాను ఫోనులోకి.

“అది మీరు చూసుకోవల్ల,” అన్నాడు ఆయన.

గోడకు ఆనుకుని నిలబడ్డ కోడలు నెమ్మదిగా అంది. “అత్తా, ఒకేళ ఆపరేషన్ చేస్తే ఇనుము నా కడుపులోకే దిగుతాది గదా. దానికి సిద్ధాంతిని అడుగుతాండావా?”

“నువ్వు నోరు మూసుకోని కూసో.”

మా మరదలికి ఆ పిల్ల మీద ప్రేమ లేదనుకుంటే పొరపాటు. గసగసాలు నూరి పాలల్లో కలిపి ఇచ్చేది. రాత్రిపూట కాళ్ళకు నూనె రాసేది. ఆ కాళ్ళు పొద్దున్నే ఏ మెట్టు మీద పడతాయో తెలిసి రాసేది. మూఢనమ్మకం రాక్షసులకు ఉంటుందని మా సభల్లో కుర్రకారు అనుకునేవాళ్ళు. కాదు. అది గసగసాల పాలు కలిపే చేతుల్లోనే ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ పట్టుకోలేరు. ఆమె మంచాన్ని కింది గదిలోకి మార్చండి అని కూడా అడిగాను. కడుపుతో ఉన్నప్పుడు పడక మార్చకూడదట. అయితే శ్రీమంతం ముందుకు జరపండి అన్నాను. ఆషాఢం వచ్చిందట, శూన్యమాసంలో శుభం చేయకూడదట. ఒక శాస్త్రం మేకును ఆపింది, ఇంకొకటి మంచాన్ని ఆపింది, మూడోది బండి ఎక్కనివ్వలేదు. ఆ మూడింటి నడుమ ఒక నిండు చూలాలు చీలిన చెక్క మీద ఎక్కుతూ దిగుతూ ఉంది.

నేను హిందూపురం పోయి సామిల్లులో ఎండిన వేప పలక కోయించుకుని వచ్చాను. చిత్రిక పట్టి, అంచులు గుండ్రంగా రుద్ది పెట్టుకున్నాను.

శ్రీమంతం చీర మాట్లాడటానికి మా తమ్ముడూ మరదలూ ధర్మవరం పోయిన రోజు పిట్టగోడ మీదుగా పిలుపు వచ్చింది. ఆమె మొగుడు షిఫ్టుకు పోయాడు.

“పెద్దమామా, ఈ పొద్దు ఇంట్లో శాస్త్రం ల్యా. వస్తావా?”

పలకా, చేత్తో తిప్పి బెజ్జాలు వేసే బరమా, స్క్రూలూ తీసుకుని పోయాను. పాత చెక్కను ఊడదీశాను. గాడి ఊది శుభ్రం చేసి, అడుగున రెండు వైపులా చెక్క దిమ్మెలు బిగించి, కొత్త పలకను కూర్చోబెట్టాను. సుత్తి ముట్టలేదు. ఒక్క దెబ్బ చప్పుడు లేదు. ఆమె పైమెట్టు మీద కూర్చుని బొరుగులు తింటూ చూసింది.

“మా నాయన మగ్గం పలక దించినప్పుడు ఇట్లనే గాడి ఊదుతాడు మామా.” పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, “లోపల తన్నుతాండాది. నీ పని నచ్చినట్టుండాది.”

అయిపోయాక ఆమెను నిలబడమన్నాను. రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది. బరువంతా వేసింది. పలక కిర్రుమనలేదు. ఆ మొహంలో వచ్చిన తేటను నేను ఇంకే వాదన గెలిచినప్పుడూ ఎదుటి మనిషి మొహంలో చూడలేదు.

పాత మెట్లన్నీ నల్లగా ఉన్నాయి, కొత్త పలక తెల్లగా మెరిసింది. రంగు కలపాలని పాలిష్ పూశాను. ఆ వాసనే పట్టించింది. సాయంత్రం వాకిట్లో చెప్పులు విడుస్తూనే మా మరదలికి తెలిసిపోయింది. గోడ ఇవతల నాకు కేకలేమీ వినబడలేదు. ఆమె అరిచే మనిషి కాదు. కొడుకు డ్యూటీ దిగేదాకా ఓపికగా కూర్చుంది.

మర్నాడు పొద్దున వాడు నా వాకిట్లో నిలబడ్డాడు. చంకలో నా వేప పలక, చేతిలో ప్లాస్టిక్ కవరులో స్క్రూలు. ఒక్కటి కూడా పోగొట్టలేదు.

“పెద్దనాయనా, ఇదో నీ చెక్క.”

వాడు కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో పనిచేస్తాడు. “నువ్వు ఆడ ఏం పని చేస్తావురా?” అని అడిగాను, తెలిసే.

“బోల్టులు టైటుగా ఉండాయా లేదా చెక్ చేస్తా.”

“లూజుగా ఉంటే?”

“లైన్ ఆపేస్తాం.”

“మరి ఇంట్లో బిగించిన స్క్రూలు విప్పినావే.”

వాడు తల దించుకున్నాడు. “కంపెనీ వేరే, ఇల్లు వేరే పెద్దనాయనా. మా అమ్మ అన్నం ముట్టకుండా కూసునింది.”

“నీ పెండ్లాం ఏమనింది?”

“ఏమీ అనలేదు. నేను విప్పుతాంటే టార్చి పట్టుకునింది.”

పాత చెక్కను వాళ్ళు మళ్ళీ ఎక్కించారు. చీలిన చోట కొబ్బరితాడు చుట్టి బిగించారు. పైన పసుపుదారం కట్టి కుంకుమ పెట్టారు. ఇనుము లేని మరమ్మతు. దిమ్మెలు కూడా ఇనుముతో బిగించినవే కదా, వాటినీ తీసేశారు. నేను పోయి మళ్ళీ చెప్పాను, ఆ తాడు ఆగదని. “దేవుని దారం కట్టినాం బావా, నువ్వు దాని గురించి మాట్లాడొద్దు,” అంది మా మరదలు. మా తమ్ముడు, “అన్నా, మా ఇంట్లోకి ఇంగ నువ్వు రాకుంటే మేలు,” అన్నాడు. జీవితంలో వాడు సూటిగా నా మొహం చూసి మాట్లాడింది ఆ ఒక్కసారే.

వారం తిరగలేదు. పొద్దున్నే పాలవాడు వచ్చే వేళ గోడ అవతల చెక్క విరిగిన చప్పుడు, దాని వెనకే మెట్ల మీద ఏదో బరువైనది దొర్లిన చప్పుడు. నేను పోయేసరికి ఆమె కింద మెట్టు దగ్గర పక్కకు తిరిగి పడి ఉంది. ఒక కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. చెయ్యి పొట్ట మీద ఉంది. అరవడం లేదు. “మామా, కదలడం ల్యా,” అంది. కాలు గురించి కాదు.

పెనుకొండ ఆసుపత్రిలో చూసి హిందూపురం పంపించారు. ఆ దారి పొడుగునా ఆమె రెండు చేతులూ పొట్ట మీదే పెట్టుకుని, ఎవరో తలుపు తడతారేమోనని చెవి పెట్టినట్టు ఉంది. హిందూపురంలో కానుపు చేశారు. ఆడపిల్ల. ఏడవలేదు.

వరండాలో చేరిన చుట్టాల్లో ఒకామె ఓదార్చింది. “ఆడబిడ్డే గదా, పోనీలే. మళ్ళా మగబిడ్డను కంటుందిలే.” పక్కనున్నవాళ్ళు తలలూపారు. మా మరదలు మాత్రం ఓదార్పు తీసుకోలేదు. ఆమె నిజంగానే ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మధ్యమధ్య ఆగి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

“ఇనుము దించినాడు మా బావ. వద్దని చెప్పిన ఇంట్లో ఇనుము దించినాడు.”

“ఆ ఇనుము తీసేసినారు గదా,” అన్నాడు ఎవరో.

“దిగిన ఇనుము తీసినా దిగినట్లే. బిడ్డకు అప్పుడే తగిలింది. మెట్టు ఊరికే ఇరిగింది.”

సిద్ధాంతి కూడా ఫోనులో అదే చెప్పాడు. బిగించిన స్క్రూ దోషి, విప్పిన స్క్రూ దోషి, తెగిన తాడు మాత్రం నిర్దోషి. బిడ్డ బతికి ఉంటే తాడు కాపాడినట్టు, చనిపోతే స్క్రూ చంపినట్టు. ఏం జరిగినా ఓడిపోని వాదం ఇది. వేలితో నొక్కినా ఇందులో పిండి రాలదు. లోపల కట్టె అంటూ ఉంటే కదా రాలడానికి.

కాలికి కట్టుతో ఆమెను ఇంటికి తెచ్చి కింద నడింట్లో మంచం వేశారు. పడక మార్చడానికి ఇప్పుడు అడ్డం ఏముంది? ఆ వారమే వడ్రంగి వచ్చాడు. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి లేదు కాబట్టి మేకుకు దోషం లేదు. మెట్లన్నీ ఊడదీసి కొత్తవి కొట్టించారు. పొద్దునా సాయంత్రమూ సుత్తి మోగుతూనే ఉంది. ప్రతి దెబ్బా దూలంలోంచి నా మంచం మీదికి దిగేది. దూలం కింద అవతలి చివర, బిడ్డ లేని బాలింత అదే దెబ్బలు వింటూ పడుకుని ఉండేది.

మా మరదలు నా వాకిట్లోకి వచ్చి చెప్పింది. “నీకు గూడా ఏమన్నా పనుంటే ఇప్పుడే కొట్టుకో బావా. ఇంగ ఏమీ గాదు.” ఆమె మాటలో వెటకారం లేదు. నిజంగానే పక్కింటివాడి సౌకర్యం చూస్తోంది. నేను ఆమెను అసహ్యించుకోవడం మొదలుపెట్టింది ఆ మాట దగ్గరే.

కోడలి తల్లి ధర్మవరంనుంచి వచ్చిన రోజు నన్ను పిలిపించారు. వద్దన్న ఇంట్లోకి వాళ్ళే పిలిచారంటే విచారణకని తెలుసు. వడ్రంగి మెట్ల మీద కూర్చుని పని చేసుకుంటున్నాడు. మంచం మీద పిల్ల, మంచం పక్కన నేల మీద తల్లి. మా తమ్ముడు వాకిట్లో వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. కొడుకు గోడకు ఆనుకున్నాడు.

తల్లే ముందు మాట్లాడింది. “మీరు పెద్దోళ్ళు, నలుగురికి చెప్పేటోళ్ళు. ఆయమ్మ వద్దనింది గదా సార్. వద్దన్నాక గమ్మునుంటే ఏమైతాండె?”

మేకులు కొట్టే మగ్గం మీద కూర్చుని ఈ బిడ్డను మోసిన తల్లి ఈమే. నాకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మా మరదలు అసలు సంగతికి వచ్చింది. “అదంతా వద్దు. ఒకటే మాట అడుగుతా. ఆ పొద్దు నా ఇంట్లోకి మా బావను పిలిచింది ఎవరు? తనకు తానే వచ్చుంటే ఆ పాపం ఆయనది. ఈ పాప పిలిచి ఇనుము దింపించుకోనుంటే, బిడ్డను తినేసింది ఈమే. అట్లాంటి మనిషి నాకొద్దు. మీ పాపను మీరు తీసుకోని పోండి.”

తల్లి గాబరాగా కూతురి వైపు చూసింది. తీసుకుపోయే చోటు లేదని ఆ చూపే చెప్పింది. ఆ చోట్లో మగ్గం ఉంది. మొగుడు తల ఎత్తలేదు. వడ్రంగి కూడా సుత్తి ఆపి వింటున్నాడు.

ఆ పిల్ల నా వైపు చూడకుండా, నింపాదిగా చెప్పింది. “నేను పిలవలేదు. నేను పైన పండుకోనుంటి. ఆయనే వచ్చినాడు. వద్దంటే ఇనలేదు.”

అందరూ నా వైపు తిరిగారు.

వాదించడం నాకు వచ్చిన ఒకే ఒక పని. సాక్ష్యం ఉంది, తర్కం ఉంది, విరిగిన చెక్క పెరట్లోనే పడి ఉంది. ఒక్కొక్క మేకునూ పీకి వాళ్ళ ముందు పెట్టగలను. పెడితే ఆ గదిలో ఓడేది మా మరదలు కాదు, మంచం మీదున్న మనిషి. నిజం చెప్పాలన్న పట్టుదలకు ఎప్పుడూ ఎవరో ఒకరు బలి అవుతారు, సభల్లో ఆ ఎవరో మన ఎదురుగా కూర్చుని ఉండరు, అంతే తేడా.

“అవును,” అన్నాను. “నేనే వచ్చినా. ఆ పాప వద్దని చెప్తానే ఉండె.”

మా మరదలు నిట్టూర్చింది. బరువు దిగిన మనిషిలా కొంగు సర్దుకుంది. “ఒప్పుకున్నావు. చాలు. సిద్ధాంతి చెప్పినాడు, దించినోడి చేత్తోనే శాంతి జరగల్లంట. కొత్త మెట్టు కాడ నువ్వు కొబ్బరికాయ కొట్టల్ల, తప్పయిందని దండం పెట్టల్ల. అప్పుడు ఈ పాపకు మళ్ళా కడుపు నిలుస్తాది. నువ్వు కొట్టకుంటే మాత్రం ఇంగేందో దాస్తాండారనే నేననుకుంటా.”

మంచి రోజు చూసి పిలిచారు. పూజారిని పెట్టలేదు, ఇంటివాళ్ళమే. కొత్త మెట్లు నున్నగా, గట్టిగా ఉన్నాయి. మూడో మెట్టు మీద చూపు పెట్టి మేకులు లెక్కపెట్టబోయి ఆగిపోయాను. మెట్టు మీద పసుపు రాశారు, నీళ్ళు చల్లారు. ఆ నీళ్ళు కట్టెలోకి ఇంకుతున్నాయి.

“ఊ, కొట్టు బావా.”

జీవితంలో దేవుడికి ఒక్క కాయ కూడా కొట్టనివాణ్ణి. ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియలేదు. మా తమ్ముడు చెయ్యి తిప్పి చూపించాడు. రాతి మీద కొట్టాను, పగల్లేదు. ఇంకోసారి కొట్టాను. నీళ్ళు నా పంచ మీద చిందాయి. తప్పయింది అన్నాను. గట్టిగా అనమన్నారు. గట్టిగా అన్నాను.

ఆ పిల్లను కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టారు, చూడాలి కాబట్టి. నన్ను చూడలేదు. మా మరదలు కాయను ముక్కలు కోసి అందరికీ పంచింది. నాకూ ఒకటి ఇచ్చింది. ఆ పిల్ల తన ముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పింది, కొసన కొరికింది, నిదానంగా నమిలింది.

“అత్తా, ఇంట్లో రవ్వంత బెల్లం ఉండాదా?”

ఆసుపత్రినుంచి వచ్చినాక ఆమె అత్తను ఏదైనా అడగడం అదే మొదలు. మా మరదలు కాసేపు ఆమెను చూసింది. తర్వాత లోపలికి పోయి, డబ్బా మూత తీసి, పెద్ద గడ్డే తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.